గెడ్డ రంగు మారితే ఎవరికి రాయాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం నీటి గురించే. వాటిలో కొన్నింటిని కుదించి ఇక్కడ ఇస్తున్నాను. పరిశ్రమల పేర్లు, మనుషుల పేర్లు ఉన్నచోట తీసివేశాను. రుజువు కాని ఆరోపణను పేరుతో అచ్చువేయడం పద్ధతి కాదు, పైగా ఈ జవాబులకు ఆ పేర్లతో పని కూడా లేదు.

ప్రశ్న: మా ఇల్లు ఒక గెడ్డ (చిన్న వాగు) పక్కన ఉంది. మా చిన్నతనంలో అందులో బట్టలు ఉతికేవారు. ఇప్పుడు వాన పడిన రాత్రుల్లో నీరు నల్లగా మారుతోంది, తెల్లారేసరికి నురగ కడుతోంది, ఘాటైన వాసన వస్తోంది. ఒక కార్యాలయంలో చెబితే రెండో చోటికి వెళ్లమన్నారు, అక్కడి నుంచి మూడో చోటికి పంపారు, అక్కడ ‘నమూనా తెచ్చారా?’ అని అడిగారు. అసలు ఎవరికి, ఏమని రాయాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పెందుర్తి

జవాబు: మాస్టారూ, మిమ్మల్ని తిప్పినవారిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ పూర్తిగానూ చెప్పలేదు. గెడ్డలోకి ఇళ్ల మురుగు చేరుతుంటే అడగవలసింది నగరపాలక సంస్థను. పరిశ్రమ వ్యర్థజలం చేరుతుంటే కాలుష్య నియంత్రణ మండలిని, మనం వాడుకలో పొల్యూషన్ బోర్డు అనే దాన్ని. గట్టు ఆక్రమణకు గురైతే రెవెన్యూ వారిని. కాబట్టి ఉత్తరం రాసే ముందు, వస్తున్నది ఏమిటో మీరే ఒక అంచనాకు రావాలి. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. పది రోజుల ఓపిక, ఒక నోటుపుస్తకం చాలు.

నలుపు రంగు, కుళ్లిన కోడిగుడ్డు వాసన కలిసి వస్తే ముందుగా అనుమానించవలసింది మరుగుదొడ్ల నీటినే. మురుగును సూక్ష్మజీవులు తింటూ నీటిలోని ప్రాణవాయువునంతా వాడేసిన తరువాత హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఆ వాసన దానిది, ఆ నలుపు అది ఇనుముతో కలిసినప్పుడు ఏర్పడే పదార్థానిది. నురగ బట్టల సబ్బు పొడుల వల్ల కూడా వస్తుంది. అలా కాకుండా పెయింటు డబ్బా మూత తీసినట్టు వాసన కొడుతుంటే, నీరు గోరువెచ్చగా తగులుతుంటే, రంగు గంటల్లో ఎరుపుకో పసుపుకో మారుతుంటే అప్పుడు పరిశ్రమను అనుమానించడానికి కారణం ఉంది. ‘వాన పడిన రాత్రుల్లో’ అని మీరు రాసిన మాట ముఖ్యమైనది. నిల్వ ఉంచిన వ్యర్థజలాన్ని వాననీటితో పాటు వదిలేస్తే పలచబడి కంటికి కనబడదని లెక్కవేసేవారు ఉంటారు. అయితే సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీలు కల్వర్టుల దగ్గర గొట్టం దించేదీ అలాంటి రాత్రుల్లోనే. ఫ్యాక్టరీ గోడ వైపు వేలు చూపే ముందు ఆ లారీలను ఒక కంట కనిపెట్టండి.

నోటుపుస్తకంలో తేదీ, గంట, వాన ఉన్నదీ లేనిదీ, రంగు, వాసన, మీరు ఎక్కడ నిలబడి చూశారో అది రాయండి. ‘మా ఇంటి వెనక’ అని కాకుండా ఫలానా వంతెన, ఫలానా గుడి మెట్లు అని రాస్తే కొత్తగా బదిలీపై వచ్చిన అధికారి కూడా ఆ చోటికి నడిచి రాగలడు. ఫొటో తీయండి, కానీ గెడ్డను మాత్రమే తీస్తే ఆకాశం రంగు నీటిలో పడి మోసం చేస్తుంది. ఒక తెల్ల పింగాణీ కప్పులో నీరు ముంచి, దాని పక్కన ఆనాటి దినపత్రిక పెట్టి ఫొటో తీయండి. రంగు, తేదీ రెండూ ఒకే ఫొటోలో దొరుకుతాయి. ముంచేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవడం మరిచిపోకండి.

ఇక నమూనా సంగతి. చాలా ఏళ్ల క్రితం నేను కూడా మీలాగే ఒక గెడ్డలోకి నీరు దూకుతున్న గొట్టం దగ్గర సీసా నింపుకుని, గర్వంగా ఒక ప్రయోగశాలకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ‘గొట్టానికి పైన నీళ్లు ఎలా ఉన్నాయి?’ అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పైనుంచి వచ్చే నీరు అప్పటికే చెడి ఉంటే ఆ గొట్టం మీద నేను మోపే నేరం నిలవదు కదా. అప్పటి నుంచి మూడు సీసాలు పట్టడం అలవాటయింది. గొట్టానికి ఎగువన ఒకటి, గొట్టం దగ్గర ఒకటి, దిగువన నీరు బాగా కలిసిన చోట ఒకటి. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి, అక్కడికక్కడే చీటీ అంటించాలి, ఐసు పెట్టెలో ఉంచి ఆ రోజే చేర్చాలి. ఆలస్యమైతే సీసాలోని సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి, పరీక్షలో వచ్చే అంకె గెడ్డది కాకుండా సీసాది అవుతుంది. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం ప్రయోగశాల ఇచ్చే శుభ్రపరచిన సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు.

అయితే మీరు పట్టిన సీసా కోర్టులో సాక్ష్యం కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బోర్డు అధికారి సంస్థవారికి నోటీసు ఇచ్చి, వారి ఎదుటే నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరువురి సంతకాలతో పంపితేనే ఆ ఫలితం న్యాయస్థానంలో చెల్లుతుంది. మీ సీసా పని ఆ అధికారిని కుర్చీలోంచి లేపి గెడ్డ దాకా రప్పించడమే, అది చిన్న పనేమీ కాదు. అందుకే ‘నమూనా ఉందా?’ అని మిమ్మల్ని అడిగినవారిని ‘నమూనా తీయవలసింది మీరు, ఎప్పుడు రావాలో నేను చెబుతాను’ అని మర్యాదగా అడగవచ్చు. మీ పది రోజుల నోటుపుస్తకం ఉపయోగపడేది అక్కడే. ఏ రాత్రి, ఏ గంటకు రావాలో అది చెబుతుంది.

ఉత్తరాన్ని బోర్డు ప్రాంతీయ కార్యాలయంలోని పర్యావరణ ఇంజినీరుకు రాసి, నకలు నగరపాలక సంస్థ కమిషనర్‌కు పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా అదే ఉత్తరం ఇచ్చి రసీదు సంఖ్య తీసుకోండి. ‘ఇది వాననీటి కాలువే, నది కాదు’ అని ఎవరైనా అంటే, ఆ చట్టంలో ప్రవాహం అన్న మాటకు ఇచ్చిన అర్థంలోకి కొంతకాలం ఎండిపోయి ఉండే వాగులు, భూగర్భ జలాలు కూడా వస్తాయని చెప్పండి. అలాంటి ప్రవాహంలోకి విష పదార్థాలను, కాలుష్య కారకాలను తెలిసి వదలడాన్ని 24వ సెక్షన్ నిషేధిస్తుంది. మీ గెడ్డ మేఘాద్రిగెడ్డ జలాశయంలోకి చేరేదైతే ఆ మాటను మొదటి వాక్యంలోనే రాయండి, ఎందుకంటే ఆ జలాశయం నీటిని నగరం తాగుతుంది.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో, అనుమానం ఉన్న సంస్థకు ఇచ్చిన సీఎఫ్ఓ, అంటే నడిపేందుకు ఇచ్చిన అనుమతి పత్రం నకలు, గత రెండేళ్ల తనిఖీ నివేదికలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సంస్థలకు విధించిన షరతుల రిజిస్టరును బోర్డు నిర్వహించాలని, సంబంధం ఉన్న ఎవరైనా దాన్ని పని వేళల్లో చూడవచ్చని నీటి చట్టంలోనే 25వ సెక్షన్‌లో ఉంది. ఈ సంగతి చాలామంది ఉద్యమకారులకే తెలియదు. అంతకీ కదలకపోతే 49వ సెక్షన్ కింద బోర్డుకు 60 రోజుల నోటీసు ఇచ్చి, సామాన్య పౌరుడే కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అంతదాకా వెళ్లే అవసరం రాకపోవచ్చు, కానీ ఉత్తరం చివర ఆ సెక్షన్ సంఖ్య ఉంటే చదివేవారి కళ్లు కాస్త విప్పారుతాయి.

ప్రశ్న: బోరు నీరు పట్టినప్పుడు తేటగా ఉంటుంది, గంట గడిచేసరికి బిందె అడుగున పసుపు పేరుకుంటోంది. నీటి శుద్ధి యంత్రం అమ్మడానికి వచ్చిన కుర్రాడు గ్లాసులో ఏవో కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తే నీరు తుప్పు రంగుకు తిరిగింది. ఇదంతా ఫ్యాక్టరీ విషమేనని అన్నాడు. నిజమేనా?
— గృహిణి, గాజువాక

జవాబు: అమ్మా, మీ బిందెలో పేరుకున్నది చాలావరకు ఇనుమే అయి ఉంటుంది. భూమి లోపల ప్రాణవాయువు తగలకుండా కరిగి ఉన్న ఇనుము గాలి సోకగానే తుప్పుగా మారి అడుగుకు చేరుతుంది. అందుకే పట్టినప్పుడు తేట, తరువాత పసుపు.

ఆ కుర్రాడు చూపించినది మాత్రం గారడీ. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుముది. మామూలు నీటిలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది, కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా నీటిలోకి దిగుతుంది. పక్కన పెట్టిన యంత్రపు నీటిలో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు పారదు, అది తేటగానే ఉంటుంది. అంటే మీరు చూసిన తుప్పు మీ బోరుది కాదు, అతని కడ్డీది. మళ్లీ వస్తే ఆ యంత్రపు నీటిలో చిటికెడు ఉప్పు వేసి అదే కడ్డీలు పెట్టమనండి. అది కూడా తుప్పు రంగుకు తిరుగుతుంది.

అతని చేతిలోని టీడీఎస్ మీటరు కూడా కరిగిన లవణాల మొత్తాన్నే అంచనా వేస్తుంది. తాగునీటి ప్రమాణాల్లో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకని చోట 2000 దాకా. సముద్రానికి దగ్గరగా బోర్లు లోతుకు దించి తోడుకుంటున్న చోట్ల ఉప్పునీరు చొచ్చుకు వచ్చి ఆ అంకె పెరుగుతుంది, దానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. మరోవైపు సీసం (లెడ్) అనే లోహానికి అనుమతించినది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. అంతకు ఎన్నో రెట్లు సీసం ఉన్నా ఆ మీటరు ముల్లు కదలదు. మలంలో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనబడకూడదు, దాన్నీ మీటరు పట్టుకోలేదు. అందువల్ల మీటరు అంకె తక్కువని నిబ్బరపడవద్దు, ఎక్కువని హడలిపోవద్దు. ప్రభుత్వ నీటి పరీక్షశాలలో ఇనుము, నైట్రేట్, కాఠిన్యం, బ్యాక్టీరియా పరీక్షలు చేయించండి. దగ్గరలో పరిశ్రమలు ఉన్నాయి కాబట్టి భార లోహాలు కూడా చూడమని విడిగా రాసివ్వాలి, అడగకపోతే చేయరు. వీధిలో నాలుగైదు ఇళ్లవారు కలిసి చేయిస్తే ఖర్చు తగ్గుతుంది, పైగా ఏ బోరు నుంచి ఏ బోరుకు అంకె పెరుగుతోందో చూస్తే కాలుష్యం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊరి చెరువులో ఒక ఉదయం చేపలన్నీ తేలిపోయాయి. పెద్దలు పరిశ్రమ వల్లే అంటున్నారు, అధికారులు ‘ఎండ వేడికి ఆక్సిజన్ తగ్గింది’ అన్నారు. ఎవరిని నమ్మాలి?
— డిగ్రీ విద్యార్థిని, అచ్యుతాపురం మండలం

జవాబు: చేపలనే అడగాలి. ఆక్సిజన్ తగ్గడం ఎప్పుడూ తప్పించుకునే సాకు కాదు, నిజంగానే తరచు జరుగుతుంది. పచ్చగా నాచు పట్టిన చెరువులో పగలు నాచు ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని తీసుకుంటుంది. కనుక తెల్లవారకముందు గంటలో నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు మరునాడు మరీ తక్కువ. చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తూ చనిపోతే, ముందుగా పెద్ద చేపలు చనిపోతే, అది ప్రాణవాయువు లోపమని అనుకోవచ్చు.

ఇక్కడే మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఒక విషయం పనికి వస్తుంది. కొర్రమీను, మార్పు చేపలు నీటిలో గాలి లేకపోయినా పైకి వచ్చి నేరుగా గాలి పీల్చి బతకగలవు. చేపల కూర ఇష్టపడేవారికి ఈ సంగతి చెప్పనవసరం లేదు, బజారులో గిన్నెలో గంటల తరబడి కొట్టుకునేది కొర్రమీనే కదా. బొచ్చె, శీలావతి చనిపోయి కొర్రమీను బతికి ఉంటే అధికారుల మాటకు బలం ఉంది. కొర్రమీను కూడా తేలితే, పిల్లచేపలు, కప్పలు, నీటిపురుగులు కూడా చనిపోతే, పట్టపగలు మొదలైతే విషాన్ని అనుమానించాలి. అయితే ప్రాణవాయువు తగ్గిందన్నంత మాత్రాన పరిశ్రమకు సంబంధం లేదని కాదు. చెరువులోకి వచ్చి పడిన సేంద్రియ వ్యర్థమే ఆ తగ్గుదలకు కారణం కావచ్చు. అధికారులు ‘ఆక్సిజన్ తగ్గింది’ అన్నాక ‘ఎందుకు తగ్గింది?’ అన్న రెండో ప్రశ్న మనం వేయాలి, వారు జవాబు రాతలో ఇవ్వాలి.

చేపలు మళ్లీ తేలితే మీరు చేయవలసిన మొదటి పని ఏ రకం చేపలు, ఏ పరిమాణంలో, ఎన్ని గంటలకు అని లెక్క రాయడం. అప్పుడే చనిపోయిన రెండు మూడింటిని ఐసులో పెట్టండి, కుళ్లినవి పరీక్షకు పనికిరావు. తేలిన చేపలను కూరకు తీసుకెళ్లేవారిని ఎలాగైనా ఆపండి.

ప్రశ్న: మా తీరంలో ఒక పరిశ్రమ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారని పత్రికలో ప్రకటన వచ్చింది. వ్యర్థజలాన్ని గొట్టంతో సముద్రంలోకి పంపుతారట. బహిష్కరించాలని ఊళ్లో కొందరు అంటున్నారు. వెళ్లాలా, మానాలా?
— మత్స్యకార యువకుడు, పరవాడ తీరం

జవాబు: వెళ్లండి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. మీరు రాకపోయినా సభ జరిగినట్టే లెక్క, మీకు బదులు మాట్లాడడానికి బస్సుల్లో వచ్చేవారు వస్తారు. బహిష్కరించాలన్న కోపం అర్థమవుతుంది, కానీ ఆ కోపం సభలో జరిగినదాన్ని నమోదు చేసే మినిట్స్‌లోకి ఎక్కదు. ఎక్కేది అక్కడ పలికిన మాట, రాసి ఇచ్చిన కాగితం మాత్రమే.

సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రభావ అంచనా నివేదిక, దాని సారాంశం తెలుగులో, కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్తు వంటి చోట్ల అందరికీ అందుబాటులో ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిందని మీకు తెలుసు, కానీ పాత అలవాటు కొద్దీ విశాఖ కలెక్టరేట్‌కు ఉత్తరాలు రాసి నెల పోగొట్టుకున్నవారు ఉన్నారు. నివేదిక తెచ్చుకుని చదివేటప్పుడు ముందుగా సముద్రం గురించిన అధ్యాయం తెరిచి, కొలతలు ఏ నెలల్లో తీసుకున్నారో చూడండి. సాధారణంగా ఒక్క రుతువులో, వానలు లేని మూడు నెలల్లో తీసుకుంటారు. మన తీరం వెంట నీటి వాలు, అంటే ప్రవాహం, ఏడాదంతా ఒకే వైపు ఉండదని మీ నాన్నగారికి వల వేసిన మొదటి ఏడే తెలిసి ఉంటుంది. వానాకాలానికి ముందు నెలల్లో ఉత్తరానికి, అంటే భీమిలి వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఒక్క రుతువు కొలతతో గొట్టం నీరు ఎటు పోతుందో చెప్పడమంటే వేసవిలో గాలి చూసి తుపానులో తెరచాప కట్టడమే. ‘రెండో వాలు ఉన్నప్పుడు మా వలల చోటికి ఎంత చేరుతుంది, లెక్క చూపండి’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న పది నినాదాల కంటే బరువైనది, ఎందుకంటే దీనికి సంస్థ జవాబు రాసి ఇవ్వక తప్పదు.

సభకు కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. చివర మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలి. చాలా సభల్లో అప్పటికే కుర్చీలు ఖాళీ అవుతాయి, నిర్వాహకులకూ తొందర ఉంటుంది. మీలో పదిమంది కదలకుండా కూర్చోండి. మీరు అన్న మాట చదివిన దానిలో లేకపోతే అక్కడే లేచి చేర్చమనండి. మహిళలను ముందు మాట్లాడనివ్వండి. చేపలు బుట్టలకెత్తి అమ్మేవారికి రాబడి ఎంత తగ్గిందో ఇంట్లో మగవారికంటే వారికే ఖచ్చితంగా తెలుసు. రాసిన అభ్యంతరాన్ని బోర్డుకు ముందే పంపి రసీదు పెట్టుకోండి, సభలో గందరగోళం రేగినా ఆ కాగితం ఉంటుంది.

అనుమతి ఇచ్చేది ఆ సభ కాదు, తరువాత కూర్చునే నిపుణుల సంఘం, ప్రభుత్వం. ఆ అనుమతి మీద పైకి వెళ్లే దారి కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేల మీద తాపవిద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు పోరాడినప్పుడు 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు అప్పట్లో ఉన్న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రం పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు వీధిలోని గుంపును చూసి రాలేదు, బీల బీడు కాదు నీరు నిలిచే నేల అని ఊరివారు ముందునుంచీ కాగితాల మీద పెట్టిన వాదన వల్ల వచ్చింది. అది ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అనిపిస్తుంది, సోంపేట పేరు విన్నప్పుడల్లా.

ప్రశ్న: ఈ కార్యాలయాల చుట్టూ తిరగడం ఎందుకు, నేరుగా హరిత ట్రైబ్యునల్‌కే వెళ్లవచ్చు కదా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: వెళ్లవచ్చు. పర్యావరణ కేసులు వినేందుకు 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో మన రాష్ట్రం చెన్నైలోని దక్షిణ ధర్మాసనం కిందికి వస్తుంది. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు, న్యాయవాది లేకుండా స్వయంగా కూడా వాదించుకోవచ్చు. కానీ సమస్య మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. కార్యాలయాల చుట్టూ తిరగడంలోనే ఆ గడువు దాటిపోయేవారు చాలామంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి వెంకటాపురంలో ఒక పరిశ్రమ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైనప్పుడు ట్రైబ్యునల్ ఎవరి దరఖాస్తు కోసమూ ఎదురుచూడకుండా మరునాడే కేసు చేపట్టి, సంస్థను 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. అలా తనంతట తాను కేసు తీసుకునే అధికారం దానికి ఉందని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 7న తేల్చింది. అంతటి ఘోరం జరిగినప్పుడు అలా కదులుతుంది, మీ వీధి గెడ్డ కోసం కదలదు. మీ దరఖాస్తును మీరే మోసుకెళ్లాలి, అందులో మొదట చూసేది కింది కార్యాలయాలకు మీరు రాసిన ఉత్తరాలు, వాటికి వచ్చిన, రాని జవాబులు. తిరగడం వృథా కాదు, రసీదు లేకుండా తిరగడం వృథా.

మరో మాట. మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే అప్పీలు చేసిన ఒక కేసులో, హైదరాబాదు జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో పరిశ్రమ పెట్టే విషయమై 1999లో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమ పెట్టేవారిదేనని చెప్పింది. దరఖాస్తు రాసేవారు ఈ సూత్రాన్ని తప్పక పేర్కొనాలి.

ప్రశ్న: వినాయక విగ్రహాల వల్ల సముద్రానికి నిజంగా నష్టమా?
— పాఠకుడు, మధురవాడ

జవాబు: మట్టి విగ్రహం కరుగుతుంది, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది త్వరగా కరగదు, దాని రంగుల్లో సీసం వంటి లోహాలు ఉండవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్ విగ్రహాలు వద్దనే చెప్పింది. అయితే ఏడాదికి ఒక రోజు జరిగే నిమజ్జనం గురించి రాసినంత ఉత్సాహంగా, మిగిలిన 364 రోజులూ సాగరతీరంలో కలిసే మురుగు గురించి కూడా మీరు రాయాలని నా కోరిక.

ప్రశ్న: మా అబ్బాయి మందుల కంపెనీలో పనిచేస్తాడు. కాలనీలో బోర్ల నీరు రంగు మారుతోంది. ఫిర్యాదు చేద్దామంటే ‘నా ఉద్యోగం మాటేమిటి నాన్నా’ అంటాడు. ఉద్యమకారులు ఫ్యాక్టరీలు మూయించేదాకా ఊరుకోరని కూడా అంటాడు. ఏం చేయమంటారు?
— పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: మీ అబ్బాయి భయాన్ని తక్కువ చేయను. ఆ ఉద్యోగంతో మీ ఇల్లు గడుస్తోంది, ఆ బోరుతోనూ మీ ఇల్లే గడుస్తోంది. ఉద్యమమంటే మూయించడమే అన్న మాట మాత్రం సరికాదు. ప్రతి సంస్థకూ బోర్డు ఇచ్చిన అనుమతి పత్రంలో ఎన్ని కిలోలీటర్ల నీరు, ఎంత శుద్ధి చేసి, ఎక్కడికి పంపాలో షరతులు రాసి ఉంటాయి. వాటికి ఒప్పుకునే సంస్థ సంతకం చేసింది. ఆ సంతకాన్ని నిలబెట్టుకోమని అడగడం మూయించడం కాదు. ఫార్మాతో సహా అధిక కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు వ్యర్థజలాన్ని నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టాలని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది. నిబంధనల ప్రకారం నడిచే సంస్థకు పక్క సంస్థ రాత్రిపూట చేసే దొంగచాటు పని వల్ల నష్టమే తప్ప లాభం లేదు, ఈ మాట పరిశ్రమలవారే నాతో అన్నారు.

ఫిర్యాదు మీ పేరుతో ఉండనవసరం లేదు. కాలనీ సంక్షేమ సంఘం పేరుతో, తీర్మానం రాసి, అధ్యక్షుని సంతకంతో పంపండి. అందులో ఏ కంపెనీ పేరూ రాయకండి. ‘మా కాలనీలోని ఈ ఆరు బోర్ల నీరు ఈ తేదీల్లో ఇలా మారింది, కారణం తేల్చండి’ అని మాత్రమే రాయండి. కారణం తేల్చడం బోర్డు పని. వాట్సాప్ గ్రూపులో కంపెనీ పేరుతో ఆరోపణలు పెట్టవద్దు, అది పరువునష్టం కేసుకు దారి తీయవచ్చు, మీ అబ్బాయి భయపడుతున్నదీ నిజానికి అలాంటి దాని గురించే అయి ఉంటుంది. సంఘంలో మహిళలు, షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు ఉంటే వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

నీటి పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఆ బోరు నీటిని తాగడానికీ వంటకూ వాడకండి. మరగబెడితే సరిపోతుందని అనుకోవద్దు. మరిగిస్తే బ్యాక్టీరియా చనిపోతుంది గానీ లోహాలు పోవు, నీరు ఇగిరిన కొద్దీ గిన్నెలో మిగిలిన దానిలో అవి ఇంకా చిక్కబడతాయి.